చేతులెత్తితే కనిపించే రంగు

ఆ రోజు అద్దాలాయన బొటనవేలు తెగింది. తెగిన సంగతి అతనికి తెలియలేదు. కిటికీ అద్దం తీసుకెళ్ళడానికొచ్చిన ఒకావిడ "అయ్యో, రక్తమండీ!" అని గుమ్మంలోంచే కేక పెడితే, బల్ల మీద పరిచిన కంబళి మీద ఎర్రటి చుక్కలు చూసి, ఎవరిదబ్బా అని చుట్టూ చూశాడు. కొట్లో ఇంకెవరూ లేరు. తనదేనని తేలాక వేలికి గుడ్డ పీలిక చుట్టుకుని, ఆవిడ అద్దాన్ని కాగితాల్లో చుట్టి చేతికిచ్చి, "అంచులు జాగ్రత్తండీ, చేతులు తెగుతాయి" అన్నాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. ముక్కూ మొహం తెలియని మనిషి తన కోసం అంత గట్టిగా అరవడం బాగుందని మాత్రం అతనికి అనిపించింది.

భార్య పోయినప్పటి నుంచీ అతనికి ఇలాగే ఉంది. ఏడుపు వస్తుందేమోనని మొదట్లో కాచుక్కూచున్నాడు. ఆ దారిన బస్సు లేదని తెలిసినవాడిలా తర్వాత ఊరుకున్నాడు. తింటే కడుపు నిండేది, రుచి తెలిసేది కాదు. ఎవరేమన్నా "సరే" అనేవాడు. కాలేజీలో అంత భౌతికశాస్త్రం చదివి, ఇన్నేళ్ళు అద్దాలు కోసి, లోకంలో "సరే" అనడమంత తేలికైన పని ఇంకోటి లేదని ఈ మధ్యే కనిపెట్టాడు.

మరదలు వచ్చి, "అక్క బట్టలు ఎదురుగా ఉంటే మీరు కోలుకోలేరు బావా" అని అల్మారా ఖాళీ చేసి మూటలు కట్టుకుని వెళితే సరే అన్నాడు. ఆమె మంచిది. అతని మీదా పిల్ల మీదా ప్రాణం పెట్టుకున్న మనిషి. ఆ మంచితనంతోనే మొన్న ఫోన్‌లో అసలు సంగతి కదిపింది.

"బావా, సెలవులయ్యాక మిరియాన్ని మా ఇంటికి తెచ్చేసుకుంటాను. మా పక్క వీధిలోనే బడి ఉంది. దానికీ ఆడతోడు ఉన్నట్టుంటుంది, మీకూ కాస్త ఊపిరాడుతుంది. శనివారం దాని బళ్ళో ఏదో వేషాలట కదా, ఎలాగూ వస్తాను. అప్పుడు చెప్పండి. కాదనకండి."

మిరియం అతని కూతురు. పుట్టినప్పుడు చారెడు మొహంలో నల్లటి కళ్ళు తప్ప ఇంకేమీ కనబడక, ఏడిస్తే మాత్రం వార్డంతా ఘాటెక్కిపోవడంతో, వాళ్ళమ్మ పెట్టిన ముద్దుపేరది. ఇప్పుడు రెండో తరగతి.

మరదలితో ఈసారీ సరే అనేద్దామనే అనుకున్నాడు. అలా అనుకోవడానికి అతనికో కారణముంది. వర్షాకాలంలో ఒక సాయంత్రం పిల్లని బడి నుంచి తీసుకురావడం మర్చిపోయాడు. గుర్తొచ్చి పరుగెత్తేసరికి, మిరియం గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని, ఆ వాచ్‌మనే పెట్టిన బిస్కెట్లు తింటోంది. ఏడవలేదు. "నువ్వొస్తావని తెలుసు నాన్నా. ఎప్పుడో తెలీదు, అంతే" అంది.

ఆ రోజు నుంచి పిల్ల అతన్ని ఏదీ అడగడం మానేసింది. మంచినీళ్ళు కావాలంటే వంటింట్లోకి స్టూలు ఈడ్చుకుంటుంది. పైఅరలో బొమ్మ కావాలంటే స్టూలు. ఆ స్టూలు కాళ్ళు గచ్చు మీద కీచుమంటుంటే అతను వింటూ కూర్చుంటాడు. లేవాలని తెలుసు. లేచేలోపు పని అయిపోతుంది.

అందుకే, ఆ వారం మధ్యలో మిరియం పుస్తకాల సంచీ దించి ఎదురుగా నిలబడితే అతను ఆశ్చర్యపోయాడు.

"నాన్నా, శనివారం అందరూ సూపర్‌హీరో వేషాలు వెయ్యాలి. కొట్లో కొనకూడదంట. ఇంట్లో పాత బట్టలతోనే కుట్టాలంట. టీచర్ చెప్పింది. పిన్నినడగనా?"

సరే అనబోయాడు. నోరు కూడా తెరిచాడు. "నేను కుడతాను" అని తన గొంతే వినబడింది.

మిరియం అతని వంక అనుమానంగా చూసింది. "నీకొచ్చా?"

"గాజు కోసేవాడికి గుడ్డ ఓ లెక్కా?"

"మరి నీ చొక్కా గుండీ ఊడిపోయి ఎన్నాళ్ళయిందో?"

"అది వేరే సంగతిలే. ఇంతకీ నువ్వు ఏ హీరోవి?"

"పగలని పిల్ల."

"ఎప్పుడూ వినలేదే."

"నేనే కనిపెట్టా. పడినా పగలదు. అదే దాని శక్తి."

"ఎగరదా మరి?"

"ఎగిరితేనే కదా నాన్నా పడేది!" అంది మిరియం, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

మర్నాడు బడికి వెళ్ళే ముందు స్టీలు టేపుతో పిల్ల కొలతలు తీశాడు. "చల్లగా ఉంది, గిలిగింతలు!" అని అది మెలికలు తిరుగుతుంటే, కిటికీ చట్రం కదిలితే పట్టి ఆపినట్టు భుజం పట్టి ఆపాడు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ, రంగు బాగా నిలిచిన పాత నీలం చొక్కా ఒకటి కొట్లో బల్ల మీద పరిచాడు. మూలమట్టం పెట్టి, అద్దాల మీద రాసే కలంతో గీతలు గీశాడు. గీత పక్కన గీత, ప్రతి గీతకీ అంకె.

పక్క కొట్లో ఫోటోలకు చట్రాలు కట్టే పెద్దాయన టీ గ్లాసుతో వచ్చి తొంగి చూశాడు.

"ఏంటయ్యా అద్దాలాయనా, ఇప్పుడు చొక్కాలక్కూడా అద్దాలు బిగిస్తున్నావా?"

"మా అమ్మాయికి అంగీ అండీ."

"అంగీయా? ఆ బాణాలూ అంకెలూ చూసి ఏ వంతెనో కడుతున్నావనుకున్నా." పెద్దాయన టీ గ్లాసు బల్ల మీద అతని వైపు జరిపాడు. "తాగు. నేను ఇంకోటి తెప్పించుకుంటాలే."

టీ వేడిగా ఉంది. అంతవరకు తెలిసింది.

ఇక్కడే అతనొక పొరపాటు చేశాడు. ఆ పొరపాటు ఏ దర్జీకీ చేతకాదు. అద్దాలు కోసేవాళ్ళు చట్రాన్ని ఎంత కచ్చితంగా కొలిచినా, కోసేటప్పుడు నాలుగు వైపులా ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తగ్గించి కోస్తారు. అద్దం చట్రంలో మరీ బిగుతుగా కూర్చుంటే ఎండ ముదిరిన రోజున దానికదే పగులుతుంది. అందుకని కాస్త సందు వదలాలి. ఇన్నేళ్ళ అలవాటు. చెయ్యి దానంతటదే కదిలింది. పిల్ల కొలత ఎంతో చూసుకుని, కుట్టుకి గుడ్డ వదలాలన్న ధ్యాసే లేకుండా, అన్ని వైపులా ఒక నూలు తగ్గించి, గీత మీద కత్తెర పోనిచ్చాడు. మిగిలిన గుడ్డని, అదీ అలవాటే, అద్దాలు తుడిచే పీలికలుగా చింపి డబ్బాలో పడేశాడు.

ఆ రోజూ మర్నాడూ తీరిక దొరికినప్పుడల్లా చేత్తో కుట్టాడు. బట్టలు కుట్టే మిషను మరదలి ఇంట్లో ఉంది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ అదొక్కటే. కుట్లు చీమల బారులా వంకర్లు పోయినా గట్టిగానే పడ్డాయి. ఛాతీ మీద తెల్ల గుడ్డతో గుండ్రని అద్దం బొమ్మ అతికించాడు. పాత దుప్పటి ముక్క మెడ వెనక వేలాడేలా కట్టాడు. దూరం నుంచి చూస్తే, నిజం చెప్పాలంటే, బాగానే ఉంది.

శుక్రవారం సాయంత్రం మిరియం దాన్ని తొడుక్కుంది. తొడుక్కుంది అనడం కన్నా అతను పిల్లని అందులోకి దూర్చాడు అనాలి. తల పట్టింది. భుజాలు పట్టాయి. ఆ తర్వాత పిల్ల కొయ్యబొమ్మలా చేతులు పక్కలకి అతుక్కుపోయి నిలబడిపోయింది.

"చేతులెత్తమ్మా."

"లేవట్లేదు."

"కాస్త గట్టిగా."

పిల్ల పళ్ళు బిగించి ఎత్తింది. చంక కింద నుంచి నడుం దాకా టపటపమని కుట్లన్నీ విడిపోయాయి. రెండోవైపు గుడ్డే చిరిగింది.

పిల్ల చేతులు దించేసి, చిరుగు కనబడకుండా ఒంటికి నొక్కిపెట్టుకుంది.

"పర్లేదు నాన్నా. పగలని పిల్ల చేతులెత్తదులే. కిందే పెట్టుకుంటుంది."

అతనికి ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. ఆ గొంతు తెలుసు. ఎత్తూ పల్లం లేని గొంతు. ఆ "పర్లేదు" తన "సరే"కి తోడబుట్టింది. ఇంట్లో ఉన్నది ఇద్దరు, ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి ఇంకేం అంటుకుంటుంది?

"పిన్నికి ఫోన్ చెయ్యనా?" అంది మిరియం.

"వద్దు. ఇటు విప్పు. చూద్దాం."

నీలం గుడ్డ మిగల్లేదు. మిగిలిందంతా కొట్లో డబ్బాలో నూనె మరకలతో ఉంది. ఏదైనా ముక్క దొరుకుతుందేమోనని అల్మారా మీదున్న సంచీ దించాడు. పిల్లకి పొట్టివైపోయాయని తనే కట్టిపెట్టిన గౌన్లవి. మరదలు వాళ్ళక్క బట్టలే తీసుకెళ్ళింది, వీటి జోలికి రాలేదు. అన్నింటికన్నా పైన నారింజ రంగు గౌను ఉంది. నారింజ అని అతనికి గుర్తు గనుక అనుకోవడమే. ఉతికి ఉతికి వెలిసిపోయి ఉల్లిపొరలా అయింది.

కత్తెర పెడదామని కింది అంచు పట్టుకుంటే మందంగా తగిలింది. తిరగేశాడు. గుడ్డ లోపలికి మడిచి ఉంది. వేలి వెడల్పు కాదు, బెత్తెడు. దాని మీద పెద్ద పెద్ద వదులు కుట్లు. పక్క కుట్లు చూశాడు. అక్కడా అంతే, లోపల రెండేసి వేళ్ళ గుడ్డ. సంచీలో మిగతావన్నీ ఒక్కొక్కటే తిరగేసి చూశాడు. ప్రతి గౌనులోనూ ఉంది.

గౌన్లు పొట్టివి కాలేదు. ఎవరూ విప్పలేదు, అంతే.

భార్య గుడ్డ కొన్నప్పుడల్లా అతను వేళాకోళం చేసేవాడు. "ఇంత పిల్లకి అంత గుడ్డా? అంచుల్లో ఇంకో గౌను దాస్తున్నావా ఏంటి?" ఆమె దారం కొరుకుతూ, "ఎదిగే పిల్లకి కొలతకి కుడతారా ఎవరైనా? మీ అద్దం కాదుగా అది" అనేది. ఆ మాట అప్పుడు విన్నాడు. ఇప్పుడు అర్థమైంది. అద్దం ఎదగదు కాబట్టి దాని సందు బయట ఉంటుంది. పిల్లకైతే సందు గుడ్డ లోపలే వదలాలి.

ఆమె చేతి కుట్లు ఇంట్లో ఇవే మిగిలాయి. కత్తెర పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. మిరియం వచ్చి పక్కన చతికిలబడి, అతనేం చేస్తాడా అని చూస్తోంది.

చివరికి మూలనున్న ముడి కత్తిరించి దారం కొస పట్టుకుని లాగాడు. ఎక్కడా ఆగలేదు. ఎక్కడా తెగలేదు. గౌను చుట్టూ ఉన్న దారమంతా ఒకే పోగుగా చేతిలోకి వచ్చేసింది. విప్పడానికే కుట్టిన కుట్లవి. విప్పేవాడికి కష్టం కాకూడదని కూడా అనుకుని కుట్టినవి.

మడత తెరుచుకుంది. లోపల ఎండ తగలని గుడ్డ. కొట్లోంచి నిన్న తెచ్చినట్టు నారింజ రంగు.

"అబ్బ!" అంది మిరియం. "ఇది ఎక్కడుంది ఇన్నాళ్ళూ?"

"ఇక్కడే ఉంది. అమ్మ పెట్టింది."

పిల్ల ఒక వేలు పెట్టి ఆ రంగు మీద మెల్లగా గీసింది.

అతను రెండు ముక్కలు కోశాడు. ఈసారి కొలత కన్నా రెండు వేళ్ళు ఎక్కువ. చంకల కింద చిరిగిన చోట వాటిని పెట్టి, వచ్చిన దారమే సూదిలోకి ఎక్కించాడు. దారం వృథా చేయడం ఎందుకు? రెండో చంక సగంలో ఉండగా సూది కసుక్కున దిగింది. అదీ అదే బొటనవేలికి, మొన్న తెగిన చోటే.

"అబ్బా!" అని చెయ్యి విదిలించాడు.

"పగిలావా నాన్నా?" కంగారుగా అడిగింది మిరియం.

వేలు సలుపుతోంది. బాగా సలుపుతోంది. అతను దాన్ని నోట్లో పెట్టుకుని కాసేపు ఆ నొప్పినే గమనిస్తూ ఉండిపోయాడు. "లేదు తల్లీ. గీత పడింది, అంతే."

శనివారం పొద్దున మరదలు వచ్చేసరికి మిరియం వేషంతో సిద్ధంగా ఉంది. నీలం అంగీ, వెనక దుప్పటి, ఛాతీ మీద అద్దం. మరదలు నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ తిరిగి చూసింది.

"బానే కుట్టారే బావా! కుట్లు మాత్రం తాగి నడిచినట్టున్నాయి."

"పిన్నీ, చూడు!" అని మిరియం రెండు చేతులూ పైకెత్తింది.

చంకల కింద నుంచి నడుం దాకా రెండు నారింజ రంగు చారలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. చేతులు దించితే మాయం. మళ్ళీ ఎత్తితే మళ్ళీ వచ్చాయి.

"శక్తి ఇక్కడుంటుంది. మామూలప్పుడు కనబడదు" అని వివరించి, మిరియం పరుపు మీదకి దూకి, పడి, లేచి, "పగల్లేదు!" అని ప్రకటించింది.

మరదలు పిల్లని దగ్గరకి లాక్కుని ఆ చారని పట్టి చూసింది. ఆ రంగు ఆమెకి తెలుసు. ఆ గుడ్డ కొన్న రోజు అక్కతో కొట్టుకి వెళ్ళింది తనే. ముక్కు ఎగబీల్చింది. పిల్ల పక్క గదిలోకి పరుగెత్తాక గొంతు సవరించుకుంది.

"మరి... ఆ సంగతి ఏమనుకున్నారు బావా?"

ఎప్పటి మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపాడు.

"ఆ సంచీలో ఇంకా గౌన్లున్నాయమ్మా. అన్నిటికీ అంచులున్నాయి, చూశాను. పిల్ల ఎదిగే కొద్దీ విప్పాలి."

"ఇలా ఇవ్వండి, నేను విప్పుతాగా."

"నేనే విప్పుతాను. ఇక్కడే, దాని కొలత చూసుకుంటూ. నువ్వు మాత్రం ఆదివారాలు రావాలి. ఆ మిషను కూడా తెచ్చి నాకు నేర్పు. ఈ అంగీని మొదట అద్దంలా నూలు తగ్గించి కోశాను."

మరదలు అతని మొహంలోకి చూసింది. అక్కడ వెలుగేమీ లేదు. నిన్నటి మనిషే. కానీ ఆ బొటనవేలికి కొత్త గుడ్డ కట్టి ఉంది, శుభ్రంగా, ముడి వేసి.

"సరే," అంది ఆమె. ఈసారి ఆ మాట అనడం ఆమె వంతయింది. "కానీ మీ నూలు తగ్గింపులు నా మిషను దగ్గర చెల్లవు. చెబుతున్నా."

అంతలో గుమ్మం దగ్గర్నుంచి కేక వినబడింది.

"నాన్నా! నా బూట్లు పైఅరలో ఉన్నాయి. అందట్లేదు. తీసివ్వు!"

స్టూలు అక్కడే, పిల్ల పక్కనే ఉంది. దాన్ని ఎవరూ ఈడ్చలేదు. అతను లేచి వెళ్ళి బూట్లు తీసిచ్చాడు.