పై బల్ల మీది ఆవిరి

శనివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి నియెమెలా వాళ్ళ పెరట్లో ఆవిరిస్నానాలకి కట్టుకున్న సౌనా గొట్టం నుంచి పొగ లేవాలి. లేవలేదంటే సరస్సు ఒడ్డున కివి బేలో సగం ఊరు ఫోన్ చేసి, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడుగుతుంది. పొయ్యి రాజేసేది సిల్వి. పొయ్యి మీది రాళ్ళు బాగా కాగాక వాళ్ళమ్మ హెల్మి తువ్వాళ్ళూ, ఆవిరిలో ఒంటికి కొట్టుకునే బిర్చి కొమ్మల కట్టా చంకన పెట్టుకుని వస్తుంది. ఆవిడ వెనకాల సణుక్కుంటూ చిన్నాన్న అర్వో వస్తాడు. తలుపు తీయగానే ముగ్గురూ పై బల్ల ఎడమ మూలకి తిరిగి, ఎవరి వరసలో వాళ్ళు పలకరించి, ఆ మూల ఖాళీగా వదిలేసి సర్దుకుని కూర్చుంటారు.

ఆ మూలలో ఉండేది సిల్వి వాళ్ళ నాన్న ఓన్ని పోసిన ఆవిరి.

పన్నెండేళ్ళ కిందట ఒక నవంబరు శనివారం ఆయన రాళ్ళ మీద ఒక గరిటెడు నీళ్ళు పోశాడో లేదో, సరస్సులో ఎవరిదో పడవ తిరగబడిందని కబురొచ్చింది. "చల్లారనివ్వకండి, ఇప్పుడే వచ్చేస్తా" అని తమ్ముణ్ణి వెంటబెట్టుకుని రేవుకి పరిగెత్తాడు. తిరగబడ్డ పడవ వాళ్ళని ఒడ్డుకి చేర్చారు గానీ, తిరిగి వస్తుంటే ఓన్నిని అల లాక్కుపోయి రేవు గోడకీ రాళ్ళకీ మధ్యనున్న సందులో పడేసింది. ఆ సందులో పడవ పట్టదు. అర్వో బయట నిలబడి తాడు విసిరాడు, మళ్ళీ విసిరాడు, చీకటి పడేదాకా విసురుతూనే ఉన్నాడు. సరస్సు మనిషిని తిరిగి ఇవ్వలేదు. ఇంటికొచ్చి చూస్తే ఆయన పోసిన ఆవిరి మాత్రం పై బల్ల మీద మూలన కూర్చుని ఉంది. అప్పట్నుంచీ పోలేదు. పొయ్యి చల్లారినా, కప్పు మీద నడుం లోతు మంచు పడినా ఆ మూల వెచ్చగానే ఉండేది. కరెంటు మీటరు చూడ్డానికొచ్చే మనిషి కూడా చలికాలంలో ఒకసారి లోపలికెళ్ళి, చేతులు కాచుకుని, థాంక్స్ చెప్పి పోయేవాడు.

ఓన్ని పోయాక, సరస్సులో ఆపదలో పడ్డవాళ్ళని కాపాడే ఊరి రక్షణ దళానికి అర్వో పెద్ద అయ్యాడు. పడవల షెడ్డులో ఒక బోర్డు ఉంది. దాని మీద రెండు వరసల మేకులు, పైన "నీటి మీద", కింద "ఒడ్డున" అని రాసి ఉంటుంది. దళంలో ఉన్నవాళ్ళకి తలా ఒక ఇత్తడి బిళ్ళ. వెళ్ళేటప్పుడు పైకి, తిరిగి రాగానే కిందికి మార్చుకోవాలి. ఓన్ని బిళ్ళ పన్నెండేళ్ళుగా పై వరసలోనే చిలుం పడుతోంది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. సిల్వి బిళ్ళ సంగతి వేరు. అది మే నుంచి అక్టోబరు దాకా మేకు మీద ఉంటుంది, నవంబరు ఒకటిన అర్వో దాన్ని తీసి సొరుగులో పడేస్తాడు.

"నీది వేసవి బొమ్మ పిల్లా" అనేవాడు. "చలికి బొమ్మలు పనికిరావు."

ఆ బొమ్మ నీళ్ళ మీద మోటారుబండిలా నిలబడి నడిపే జెట్‌స్కీ. సిల్వి వయసు ముప్పై తొమ్మిది. మంచుబండ్లు బాగుచేసే షాపులో పని. ఎవరో చెత్తలో పడెయ్యబోతుంటే ఆ జెట్‌స్కీని అడిగి తెచ్చుకుంది. దాని వెడల్పు రెండడుగుల పైన కాస్త. ఆ కొలత తెలిసిన రోజునే వెళ్ళి గోడ పక్క సందుని కొలిచి వచ్చింది. బండి పడుతుంది, ఇంకా రెండు వైపులా జానెడు మిగులుతుంది కూడా. ఆవిడకి కావలసింది అంతే.

నవంబరులో దళంలోకి రావాలంటే అర్వో పెట్టిన పరీక్ష ఒకటి ఉంది. సరస్సులో గంట కట్టి తేలేసిన బోయా చుట్టి రావాలి, రాగానే ఉత్త వేళ్ళతో తాడుకి జారని ముడి వెయ్యాలి. ముడి వెయ్యలేని చేతులు ఎవర్నీ రక్షించలేవని ఆయన వాదన. కిందటేడు సిల్వి బోయా చుట్టి వచ్చింది గానీ వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి తాడు కింద పడిపోయింది. అర్వో వంగి ఆ తాడు తీసి, చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. అది చూసి సిల్వికి తల కొట్టేసినట్టయింది.

ఆ రాత్రే రంపం తీసింది. బండికి పైకప్పులాంటి డెక్కు కోస్తే లోపల స్పాంజి నీళ్ళు పీల్చి ఉబ్బి ఉంది. బకెట్లకి బకెట్లు తోడి పారేస్తే సగం బరువు దిగింది. హ్యాండిల్ కడ్డీ తన పొట్టితనానికి తగ్గట్టు జానెడు కురచ చేసింది, దాంతో ఒళ్ళు వెనక్కి వాల్చగానే ముక్కు గాల్లోకి లేస్తుంది. నెమ్మదిగా వెళ్ళినా పక్కకి ఒరిగిపోకుండా వెనక రెండు పక్కలా రెక్కలు కట్టింది. నిలబడేచోట పాదాలు దూర్చుకోవడానికి పట్టీలు పెట్టింది. అసలు తెలివి చేతుల దగ్గర చూపించింది. ఇంజను చల్లబరిచి వేడెక్కి బయటికి పోయే నీళ్ళని ఊరికే పోనివ్వకుండా గొట్టంతో హ్యాండిల్ లోపలి నుంచి తిప్పింది. ఎంత సేపు ఇంజను తిరిగితే అంత సేపు పిడి వెచ్చగా ఉంటుంది. అమ్మని పిలిచి పట్టుకు చూడమంది.

"కాఫీ కప్పు పట్టుకున్నట్టుంది" అంది హెల్మి. "ఇంకేం, దీన్ని వంటింట్లో పెట్టుకుందాం."

మిగిలింది డెక్కు మూయడం. ఫైబరు గుడ్డ పరిచి రెజిన్ జిగురు పూస్తే అది గట్టిపడడానికి వెచ్చదనం కావాలి, తడి అసలు తగలకూడదు. ఈ పనులన్నీ అయ్యేసరికి ఏడాది తిరిగి అక్టోబరు చివరి వారం వచ్చింది, షాపులో గడ్డకట్టే చలి. అంత బండి పట్టే వెచ్చటి చోటు ఊళ్ళో ఒక్కటే ఉంది. సౌనా తలుపు ఊడదీసి, దుప్పటి కట్టి, బండిని లోపలికి జారవేశారు. సిల్వి సన్నటి మంట పెట్టి, రెజిన్ పూసి, చివరి అతుకు ఒక్కటి మిగిల్చి, అలసిపోయి కింది బల్ల మీద కూర్చుంది.

కూర్చోగానే చెయ్యి దానంతట అదే గరిటె మీదకి పోయింది. సౌనాలో కూర్చుని రాళ్ళ మీద నీళ్ళు పోయకుండా ఉండడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. నాలుగేళ్ళ వయసు నుంచీ ఉన్న అలవాటు. గరిటెడు నీళ్ళు రాళ్ళ మీద పడి బుస్సుమన్నాక గానీ ఏం చేసిందో తెలియలేదు.

"అయ్యయ్యో!"

రెజిన్ చూస్తుండగానే పాలలా తెల్లబడింది. సిల్వి దుప్పటితో విసురుతూ, గుడ్డతో ఒత్తుతూ, కంగారులో చివరి అతుకు కూడా అంటించేసింది. తెల్లటి మచ్చని మర్నాడు అరగదీసి మళ్ళీ పూసింది. డెక్కు గట్టిగానే పట్టింది, బండిని బయటికి లాగి పెరట్లో టార్పాలిన్ కప్పారు.

శనివారం ముగ్గురూ లోపలికెళ్ళి మూలకి తిరిగి పలకరించారు. అక్కడ బల్ల చల్లగా ఉంది. హెల్మి అరచెయ్యి పెట్టి చూసింది. తువ్వాలు చుట్టుకుని పెరట్లోకి నడిచి, టార్పాలిన్ ఎత్తి, బండి మీద చెయ్యి వేసింది.

"ఇక్కడున్నాడు" అంది.

అర్వో మొహం కందగడ్డలా అయింది. "అన్నయ్యని డబ్బాలో పెట్టి మూత బిగించావా! కొయ్యి దాన్ని. ఇప్పుడే కొయ్యి."

"పరీక్ష వచ్చే శనివారం చిన్నాన్నా. కోస్తే ఇక ఈ ఏడాది లేదు." సిల్వి బండి మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది. "నేను పెట్టలేదు. నీళ్ళు పోశాను, మూయని అతుకులోంచి ఆయనే దిగినట్టున్నాడు."

"నీళ్ళు పోసిందట! రెజిన్ పక్కన కూర్చుని నీళ్ళెవరు పోస్తారు?"

"నువ్వయితే పోయకుండా ఉండేవాడివా?" అంది హెల్మి.

అర్వో తువ్వాలు తల మీదికి లాక్కున్నాడు.

"ఆవిరిని మన పాత భాషలో లోయిలు అంటారు కదా" అంది హెల్మి, బండి నిమురుతూ. "మా అమ్మమ్మ చెప్పేది, ఆ మాటకి ముందు ప్రాణం అనే అర్థమట. ప్రాణం ఎక్కడుండాలో దానికి తెలుసు. పన్నెండేళ్ళు కూర్చున్నాడు పాపం. ఒకసారి బయటికి తీసుకెళ్ళవే అమ్మాయ్."

పరీక్ష రోజు పొద్దున్నే గాలి వాయువ్యం నుంచి కొట్టింది. అలలు రేవు గోడకి తగిలి పేలుతున్నాయి. ఊరంతా కోట్లు వేసుకుని ఒడ్డున చేరింది. దళం పడవని డెల్బర్ట్ నడుపుతున్నాడు, గడ్డం నెరిసిన నెమ్మదస్తుడు. అర్వో స్టాప్‌వాచ్ పట్టుకుని, ఎర్రటి టోపీ తలకి బిగించి, గోడ చివరికంటా నడిచాడు. ఇంకెవరైనా అక్కడికి వెళ్తే ఆయనే తిట్టేవాడు. పన్నెండేళ్ళుగా ప్రతి తుఫానుకీ ఆ చివరే నిలబడి సందు వైపు చూస్తాడు, ఎందుకని ఎవరూ అడగరు.

సిల్వి నీళ్ళు చొరని డ్రైసూట్ బిగించుకుని నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ మీద బయల్దేరి, వేగం అందగానే లేచి నిలబడింది. పాదాల కింద పలక వెచ్చగా ఉంది, చేతుల్లో పిడి వెచ్చగా ఉంది. మొదటి అల దగ్గర ఒళ్ళు వెనక్కి వాల్చింది. ముక్కు లేచి అల మీదుగా దూకింది. కిందటేడు ఇక్కడే పక్కకి ఒరిగి, మునిగి లేచింది. ఇప్పుడు రెక్కలు నీటిని పట్టుకున్నాయి, మెడ తిప్పినంత సులువుగా బండి తిరుగుతోంది. ఇది నేను చేసిన బండి అనుకుంది. గంట బోయా చుట్టేటప్పుడు ఆనందం పట్టలేక గట్టిగా అరిచింది. ఆ అరుపు విని ఒడ్డున హెల్మి పక్కావిడతో "మా అమ్మాయే" అంది, నీళ్ళ మీద ఇంకెవరో ఉన్నట్టు.

తిరిగి వస్తూ గోడ వైపు చూసేసరికి గోడ చివర అర్వో లేడు.

సందులో ఎర్రటి టోపీ తేలుతోంది, దాని పక్కన తెల్లటి తల. పడవ సందు మొదట్లో ఆగిపోతే డెల్బర్ట్ అందులోంచే తాడు విసురుతున్నాడు. తాడు అందడం లేదు. అదే తాడు, అదే సందు.

సిల్వి ఆలోచించలేదు. నేరుగా లోపలికి తిప్పింది. ఎడమన గోడ, కుడిన రాళ్ళు, రెండు పక్కలా జానెడు. అల వెనక్కి లాగినప్పుడు బండి అడుగు రాయిని గీరుకుంది, వెనక నీళ్ళు వదిలే బిరడా ఎగిరిపోయింది. చిన్నాన్న దగ్గరకి చేరింది.

"పట్టుకో చిన్నాన్నా! వెనక అంచు పట్టుకో!"

అర్వో కళ్ళు తెరిచే ఉన్నాయి. చేతులు పైకి తెచ్చాడు గానీ వేళ్ళు ముడుచుకోలేదు, అంచు మీంచి జారిపోయాయి. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ జారాయి.

అప్పుడు బిరడా పోయిన రంధ్రంలోంచి ఆవిరి వచ్చింది. తొందర లేకుండా వచ్చింది, బిర్చి ఆకుల వాసనతో. అర్వో చేతుల చుట్టూ చుట్టుకుంది, మెడ చుట్టూ, భుజాల చుట్టూ చుట్టుకుంది. నీలంగా ఉన్న వేళ్ళు ఎర్రబడి, ఒక్కొక్కటే ముడుచుకుని, అంచుని బిగించి పట్టుకున్నాయి. అర్వో వెనక పలక మీదకి పొట్టతో పాక్కుంటూ ఎక్కాడు.

"ఉండన్నయ్యా, ఎక్కాను, ఎక్కాను" అన్నాడు.

రంధ్రంలోంచి లోపలికి నీళ్ళు పడుతున్నాయి. బండి బరువెక్కకముందే బయటపడాలి. సిల్వి వచ్చే అల కోసం ఆగి, దాని వీపు మీద ఎక్కి, ఇద్దరి బరువుతో సందులోంచి సూదిలో దారం లాగినట్టు లాక్కొచ్చింది. ఇసుక తగిలేసరికి బండి సగం మునిగి ఉంది. ఆవిరి వాళ్ళతో పాటు దిగింది. ఇసుక మీద మనిషి ఎత్తున కాసేపు నిలబడింది. జనం టోపీలు తీశారు. హెల్మి నాలుగడుగులు ముందుకెళ్ళి, "వచ్చావా" అంది. ఆవిరి ఆవిడ మొహానికి తగిలి, మెల్లగా విడిపోయి, మామూలు గాలైపోయింది.

దుప్పట్లు కప్పుతుంటే అర్వో పళ్ళు టకటకమంటున్నాయి. ఎటో వేలు చూపిస్తున్నాడు.

"ఏంటి చిన్నాన్నా? డాక్టరా?"

"ము... ముడి."

"ఇప్పుడా!"

"ప... పరీక్ష పరీక్షే."

సిల్వి చేతి తొడుగులు తీసి తాడు అందుకుంది. రెండు మెలికలు, ఒక దూర్పు, ఒక లాగుడు. అర్వో ఆ ముడిని పట్టుకుని గుంజి చూశాడు. జారలేదు. ఇంకోసారి గుంజాడు, ఈసారి ముడి కోసం కాదు. దాన్ని వదలకుండా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు.

సౌనా వేడి చేసి ఆయన్ని గంటసేపు కూర్చోబెట్టారు. ఎడమ మూలలోనే కూర్చున్నాడు, మిగతా చోటంతా ఇరుకని వంక చెప్పి. తర్వాత తడి జుట్టుతోనే షెడ్డుకి నడిచాడు, వద్దన్నా వినలేదు. సిల్వీ, హెల్మీ వెంట వెళ్ళారు. డెల్బర్ట్ లోపల కూర్చుని ఆ రోజు సంగతులు దళం పుస్తకంలో రాసుకుంటున్నాడు.

అర్వో బోర్డు ముందు నిలబడి, పై వరసలో చిలుం పట్టిన బిళ్ళ మీద చెయ్యి వేశాడు. అది మేకుకి అంటుకుపోయింది. గోటితో గీకి, ఊపి ఊపి ఊడదీసి, చొక్కా అంచుతో తుడిచి, కింది వరసలో తగిలించాడు.

"రాసుకో డెల్బర్ట్. ఓన్ని నియెమెలా, ఒడ్డున."

డెల్బర్ట్ రాశాడు. పేజీలో తర్వాతి గడి దగ్గర కలం ఆపి, మర్యాదగా అడిగాడు. "తీసుకొచ్చింది ఎవరని రాయమంటారు?"

అర్వో సొరుగు లాగి, సిల్వి బిళ్ళ తీసి, నాన్న బిళ్ళ పక్క మేకుకి తగిలించాడు. అది వంకరగా ఉంటే సరిచేశాడు.

"వాళ్ళమ్మాయి అని రాయి" అన్నాడు. "పెద్ద అక్షరాలతో రాయి, నాకు కళ్ళద్దాలు లేవు."