సాంచాలు ఆగిన పూట

ప్రభుదాస్ పిడిని వెనక్కి లాగి తన మరమగ్గాన్ని, అదే సాంచాను, ఆపాడు. తెగిన పోగును వేళ్లతో వెతికి పట్టుకుని, తడిపి, ముడివేసి, మళ్లీ పిడిని ముందుకు తోశాడు. పోగును మోసే నాడె అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైంది. అప్పుడు తల తిప్పి గోడవైపు చూశాడు. నూలు సంచుల మీద కొడుకు సతీశ్ కదలకుండా కూర్చుని ఉన్నాడు. రెండు అరచేతులూ గోడకు ఆనించి, చెంప కూడా దానికే ఆనించి, కళ్లు మూసుకున్నాడు. షెడ్డులో మరమగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే ఆ గోడ సన్నగా వణుకుతుంది. ఆ వణుకు ఉన్నంతసేపు వాడికి ఏ బాధా ఉండదు.

వాడికి ఎనిమిదేళ్లు. వచ్చిన మాటలు కొద్ది. నచ్చనిది ఏదైనా జరిగితే చేతికందింది విసురుతాడు, కరుస్తాడు, తల నేలకేసి కొట్టుకుంటాడు. బడిలో చేర్పించిన వారానికే పంతులు తిప్పి పంపాడు. ప్రభుదాస్ పొట్టి మనిషి, చెంపలు లోతుకు పోయాయి, కనుబొమల మీద ఎప్పుడూ నూలు దుమ్ము ఉంటుంది. ముంజేతుల మీద పంటిగాట్లు చూసి ఎవరైనా అడిగితే, మొదట్లో కుక్క కరిచిందని చెప్పేవాడు. ఆదివారాలు చర్చిలో ప్రార్థన చేయించాడు. దర్గాలో తాయెత్తు కట్టించాడు. ఎల్లంతకుంటలో ఉన్న తన తల్లి వాడిని గుంజకు కట్టేసి పని చూసుకొమ్మంది. ఎండాకాలంలో సతీశ్ విసిరిన స్టీలు గ్లాసు తగిలి వాడి చెల్లెలు, పసిపిల్ల నుదురు పగిలింది. కుట్లు వేయించిన మరునాడే భార్య సుమలత పిల్లను ఎత్తుకుని కోరుట్లలోని తల్లిగారింటికి పోయి, అక్కడే బీడీలు చుట్టుకుంటూ ఉండిపోయింది.

ఆ కుట్లు వేసిన డాక్టరే చెప్పాడు, తన దవాఖాన పక్క గదిలో ఇట్లాంటి పిల్లలను చూసే మేడం ఉందని. ఆమె పేరు రత్నమాల. మొదటిరోజు ఆమె కుర్చీలోంచి లేచి వచ్చి సతీశ్ పక్కన నేల మీద కూర్చుంది. వాడిని తాకలేదు, పలకరించలేదు. చాలాసేపటి తర్వాత ప్రభుదాస్‌ను, "బాబుకి ఏమంటే ఇష్టమండీ?" అని అడిగింది. వాడు ఏం పాడుచేశాడు, ఎవరిని కొట్టాడు అని తప్ప అంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు. ప్రభుదాస్‌కు షెడ్డు గోడ గుర్తొచ్చింది. "సాంచాల సప్పుడు మేడం," అన్నాడు. ఆమె నవ్వలేదు.

జరగబోయేది వాడికి ముందే చెప్పాలని, గొంతు పెంచకూడదని, చెయ్యి అసలే ఎత్తకూడదని, వాడు తల్లడిల్లుతున్నప్పుడు చేతులను తన అరచేతుల మధ్య గట్టిగా అదిమి పట్టుకోవాలని ఆమె నేర్పింది. ప్రభుదాస్ అట్లాగే చేశాడు. ముంజేతి గాట్లు మానడం మొదలైంది. ఒక సాయంత్రం సతీశ్ తనంత తానే తండ్రి వేలు పట్టుకుని కూరగాయల మార్కెట్ దాకా నడిచాడు. ఆ సంతోషంలో ప్రభుదాస్ ఏం కొనాలో మరిచి వట్టి చేతులతోనే తిరిగి వచ్చాడు.

ఈ పొద్దున సుమలత ఫోన్ చేసింది.

"ఈ సమ్మె ఒడిసి బస్సులు నడువంగనే అస్త. ఒక్కసారి ఆ మేడంతోని మాట్లాడుత. వాని దగ్గర పొల్లను పెట్టుకోని ఉండొచ్చు అని ఆమె అంటే ఉంట."

"అంటది. తప్పకుంట అంటది," అన్నాడు ప్రభుదాస్. అప్పటినుంచి పని చేస్తున్నా ఆ మాటే మనసులో మెదులుతోంది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక గనుల్లో బొగ్గు ఆగి కరెంటు కోతలు పెరిగాయి. కోత వేళ తెలిస్తే ప్రభుదాస్ కొడుకు పక్కన కూర్చుని, "సాంచ ఆగుతది కొడుకా, మళ్ల అస్తది," అని ముందే చెప్పేవాడు. ఈ రోజు కరెంటు చెప్పకుండా పోయింది. చప్పుడు ఒక్కసారిగా తెగిపోయింది. సతీశ్ కళ్లు తెరిచాడు. గోడను అరచేతులతో చరిచాడు. గోడ పలకలేదు. వాడు గొంతు చించుకుని అరుస్తూ తలను గోడకేసి కొట్టుకోసాగాడు.

ప్రభుదాస్ పరుగెత్తి తలకూ గోడకూ మధ్య తన చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు దెబ్బలు ఆ చేతి మీద పడ్డాయి. తర్వాత వాడిని ఒళ్లోకి తీసుకుని, చేతులు అదిమి పట్టి, మడమతో నేల మీద టకటకమని కొట్టడం మొదలుపెట్టాడు. ఆగకుండా, సాంచా ఆడినట్టే కొట్టాడు. అరుపు ఏడుపయింది. ఏడుపు ఎక్కిళ్లయింది.

యజమాని రాజమౌళి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు.

"ప్రభుదాసూ, రేపటిసంది వాన్ని తీస్కరాకు. నాడెలల్ల చెయ్యి వెడితె నేనేం గావాలె?"

"మేడంను అడిగి ఏదన్న ఉపాయం జేస్త సేటూ," అన్నాడు ప్రభుదాస్. కొడుకును ఎత్తుకుని బయటికి నడిచాడు.

నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి. ప్రభుదాస్ కొడుకును కిందికి దించి, వాడి చెవులు తన రెండు చేతులతో మూసి, గోడ వారగా నడిచాడు. దీక్షా శిబిరంలో ఉన్న తోటి నేతగాడు గంగారాం అతన్ని చూసి, డప్పులను కాసేపు ఆపమని చెయ్యి ఊపాడు.

"కూసుంటవా ప్రభుదాసన్నా? జగిత్యాల తొవ్వ గూడ మొత్తం బందయింది."

"రేపు కూసుంట. మేడం దగ్గరికి పోతున్న."

"ఆంధ్ర మేడమా? ఇంక ఉన్నదా?" అన్నాడు గంగారాం. గొంతులో కోపమేమీ లేదు. ప్రభుదాస్ కూడా పోయినవారం ఆ శిబిరంలో ఒకరోజు నిరాహారంగా కూర్చున్నవాడే. తెలంగాణ వస్తే నౌకరీలు వస్తాయని, దవాఖానాలు వస్తాయని అందరిలాగే నమ్మాడు. కొడుకుతో ముందుకు నడిచాడు.

దవాఖాన ముందు చిన్న వ్యాను ఆగి ఉంది. అందులో కుర్చీలు, పిల్లల బొమ్మల పెట్టె, చాప ఉన్నాయి. రత్నమాల గుమ్మంలోనే ఎదురైంది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మీకు కబురు పెట్టాలనుకున్నాను ప్రభుదాస్ గారూ. మావారికి ఒంగోలు బదిలీ అయింది. ఆయనే అడిగి వేయించుకున్నారు."

"ఎవలన్న ఏమన్న అన్నరా మేడం?"

"ఎవరూ ఏమీ అనలేదండీ. టీవీలో గొడవలు చూసి మా అత్తగారు నిద్రపోవట్లేదు. అంతే." కొంచెం ఆగి, "కరీంనగర్‌లో ఇలాంటి పిల్లల్ని చూసేవాళ్లున్నారు. సమ్మె అయ్యాక తీసుకెళ్లండి. మానకండి," అంది.

ప్రభుదాస్ తల ఊపాడు. అడగాల్సినవి చాలా ఉన్నాయి. సుమలత సంగతి, సేటు మాట, రేపు పిల్లవాడిని ఎక్కడ ఉంచాలో. అతని నోట వచ్చింది మాత్రం ఒక్కటే.

"ఆడ గూడ మీ లెక్క కిందనే కూసుంటరా మేడం?"

సతీశ్ అప్పటికే గదిలోకి పోయి గోడ దగ్గర కూర్చున్నాడు. ఆమె లోపలికి వెళ్లి వట్టి నేల మీద సతీశ్ పక్కన కూర్చుంది.

"సతీశ్, రేపు రత్నమాల రాదు. ఎల్లుండి కూడా రాదు. నాన్న ఉంటాడు."

వాడు ఆమె వైపు చూడలేదు. చెయ్యి చాచి ఆమె అరచేతిని తీసుకుని తన చెంపకు ఆనించుకున్నాడు. గోడకు ఆనుకున్నట్టే ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. బయట డ్రైవరు హారన్ కొట్టాడు. వాడు అరవలేదు. ఆమె చెయ్యి మెల్లగా విడిపించుకుని లేచి, వెనక్కి తిరగకుండా వెళ్లింది.

వ్యాను మలుపు తిరిగాక ప్రభుదాస్ కోరుట్లకు ఫోన్ కలిపాడు.

"మేడం పోయింది సుమలతా. ఇగ రాదు."

అవతల పసిపిల్ల ఏదో ఊసులాడుతోంది. సుమలత దాన్ని ఊరుకొమ్మంది.

"మరి ఎట్ల?" అంది.

"ఆమె చెప్పినయి నాకెరికే. నీకు నేను చెప్త. నువ్వు రా."

"బస్సులు నడువనియ్యి. చూద్దాం," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ప్రభుదాస్ గదిలోకి తొంగి చూశాడు. సతీశ్ గోడ దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. పిల్లలు తమ పెదవులు చూసుకుంటూ మాటలు నేర్వడానికి అక్కడ నేలకు జానెడు ఎత్తులో ఒక అద్దం బిగించి ఉంది. మరలు తుప్పుపట్టి ఊడిరాకపోవడంతో దాన్ని ఒక్కదాన్నే వదిలేసిపోయారు. వాడు ముఖం అద్దానికి ఆనించి, పెదవులు గుండ్రంగా చేసి, చప్పుడు లేకుండా ఏదో అంటున్నాడు.

"పోదాం కొడుకా. ఇంటికి పోతున్నం," అని ముందే చెప్పి, ప్రభుదాస్ వేలు అందించాడు. వాడు పట్టుకున్నాడు. ఇద్దరూ వెళ్లిపోయాక ఆ అద్దంలో ఎదుటి గోడ మాత్రమే మిగిలింది, అద్దం మీద పిల్లవాడి ఊపిరి మరక అంచుల నుంచి కొద్దికొద్దిగా ఆరుతూ ఉంది.