ముందు ఎడమ గొట్టం

నేను పిరికిదాన్ని. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. లిఫ్టు ఒంటరిగా ఎక్కను. ప్రెషర్ కుక్కర్ మూడో కూత వెయ్యబోతుంటే వంటింట్లోంచి బయటికొచ్చేస్తాను. అలాంటిదాన్ని ఏరి కోరి తీసుకెళ్ళి, రోజుకి పది గంటలు ఒక రెండు గొట్టాల తుపాకీకి ఎదురుగా నిలబెట్టాడు దేవుడు.

మా నగల దుకాణం కొత్తగూడలో, ఫ్లైఓవర్ దిగిన కాసేపటికే వస్తుంది. అద్దాల తలుపు లోపల స్టూలు మీద గన్‌మ్యాన్ దేవరాజు గారు కూర్చుంటారు. తలుపుకి సరిగ్గా ఎదురుగా, హాలు చివర గొలుసుల కౌంటరు. అది నాది. దొంగ అనేవాడు వస్తే నేరుగా వచ్చేది నా దగ్గరికే, అప్పుడు తుపాకీ తిరిగేదీ నా వైపే. చేరిన మొదటి రోజు మధ్యాహ్నమే ఈ సంగతి తట్టింది. 

మానేద్దామంటే వీల్లేదు. మా ఆయన జశ్వంత్‌ని ఆఫీసువాళ్ళు ఒక శుక్రవారం మీటింగుకి పిలిచి, సోమవారం నుంచి రానక్కర్లేదన్నారు. అప్పటినుంచి పుప్పాలగూడలో మా అద్దింటికి నా ఉద్యోగమే ఆధారం. ఆయన పొద్దంతా లాప్‌టాప్ ముందేసుకుని దరఖాస్తులు పెడుతూ ఉంటాడు. తుపాకీ అంటే భయమేస్తోందని ఆయనతో ఏ మొహం పెట్టుకుని చెప్పను?

దేవరాజు గారు సైన్యంలో పదిహేడేళ్ళు చేసి వచ్చిన మనిషి. ఆయన భార్య లీదియా గారు నర్సు. తుపాకీ దుకాణానిది కాదు, ఆయన సొంతం, లైసెన్సు ఆయన పేరు మీదే. నెమ్మదస్తుడు. ఆడపిల్లలందర్నీ ‘బిడ్డా’ అంటారు. ఒకరోజు భోజనాల గదిలో ఆయన ఎదురుగా కూర్చుని ఉండబట్టలేక అడిగేశాను.

“దేవరాజు గారూ, దొంగొస్తే నిజంగా పేలుస్తారాండీ?”

“పేల్చకుంటే నన్నెందుకు పెట్టుకున్నరు బిడ్డా?”

“మరి దొంగ పక్కన నేనుంటాను కదండీ!”

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. నవ్వేసి “ఏం కాదులే” అని ఉంటే నా మనసు కుదుటపడేది. ఆయన నవ్వలేదు. స్టూలు దగ్గరికి వెళ్ళి, అక్కడినుంచి నా కౌంటరు దాకా అంగలు వేసుకుంటూ, లెక్కపెడుతూ వచ్చారు. పన్నెండు అంగలు. 

ఆ వారం సెలవు రోజున ఆయన, ఏటా తుపాకీ కాల్చి సరిచూసుకునే ఫైరింగ్ రేంజికి వెళ్ళొచ్చారట. మర్నాడు రెండు అట్టముక్కలు తెచ్చి నా ముందు పెట్టారు. ఒకదానిమీద చిల్లులు చాటంత మేర చెదిరి ఉన్నాయి. రెండోదానిమీద టిఫిన్ ప్లేటంత చోటులో కుదురుగా ఉన్నాయి.

“రెండూ గా పన్నెండు అంగల దూరం నుంచి కొట్టినయే. చాటంతది కుడి గొట్టం కొట్టింది. ప్లేటంతది ఎడమది. తూటాలు ఒక్క తీరువే” అన్నారు.

“మరి ఇంత తేడా ఏంటండీ?”

“ఎడమదాని మూతి లోపల జర ఇరుకు. చోక్ అంటరు. ఛర్రాలు చెదరకుండ దగ్గరదగ్గరగ పోతయి. కుడిదాని మూతి బార్ల ఉంటది. బయటపడంగనే ఇచ్చలవిడిగ పోతయి.”

ఛర్రాలంటే తూటాలో ఉండే సీసపు గుళ్ళు. 

“ఇది పిట్టల కోసం చేసిన లెక్క బిడ్డా. మొదటి దెబ్బకు పిట్ట దగ్గర్ల ఉంటది, అందుకే వెడల్పు గొట్టం ముందు. అది తప్పితే పిట్ట దూరం పోతది, అప్పుడు ఇరుకుది. ముందు ట్రిగ్గర్ కుడిదానికి, ఎనక ట్రిగ్గర్ ఎడమదానికి. ఎవని వేలైనా మొదలు ముందుదాని మీదికే పోతది. నాదీ గంతే.”

పిట్టల లెక్క మా కౌంటరు దగ్గర ఎలా సరిపోతుంది? చాటంత చిల్లుల అట్టని దొంగ నిలబడేచోట పెట్టుకుని, గొలుసుల ట్రే అందిస్తున్నట్టు వంగి చూపించాను. ఆయన స్టూలు దగ్గర్నుంచి ఒక కన్ను మూసి చూశారు.

“నీ మొఖం గా చిల్లులల్లనే ఉంది బిడ్డా” అన్నారు.

 రెండో అట్ట పెట్టుకున్నాను. అందులో నా చెవి అంచు కూడా పడలేదు.

“అయితే ముందు ఎడమదే పేల్చండి!” అన్నాను, బజారులో లేత బెండకాయలు ఏరమన్నంత తేలిగ్గా.

“ముప్పై ఏండ్ల అలవాటు. వేలు ఇంటదో లేదో” అన్నారాయన.

మర్నాటినుంచి దుకాణం తెరవకముందే వచ్చి, తూటాలు తీసేసి, గోడకేసి తిరిగి సాధన మొదలుపెట్టారు. తుపాకీ ఎత్తడం, వేలిని ముందు ట్రిగ్గర్ దాటించి వెనకదాని మీద పెట్టడం, నొక్కడం. మొదట్లో వేలు నాలుగుసార్లకి మూడుసార్లు ముందుదాని మీదే ఆగిపోయేది. “థూ” అని తనని తానే తిట్టుకునేవారు. యాభై ఏడేళ్ళ మనిషి, మనవలెత్తిన మనిషి, నా పిరికితనం కోసం మళ్ళీ ఓనమాలు దిద్దుతుంటే నాకు నవ్వూ వచ్చేది, కళ్ళలో నీళ్ళూ తిరిగేవి. నెల తిరిగేసరికి వేలు తప్పడం మానేసింది.

ఆ నెలలోనే ఒకసారి దేవరాజు గారు మా మేనేజర్ ఉదయ్ భాస్కర్ గారి క్యాబిన్ గుమ్మం దగ్గర నిలబడి అడిగారు.

“సార్, తూటాలు పాతవైనయి. రోజు ఏసుడు, తీసుడు. మొన్న వానల తడిసినయి గూడ. కొత్తవి కావాలె.”

“పేల్చేదేమన్నా ఉందా ఏంటి దేవరాజూ? నువ్వు కనబడాలి, తుపాకీ కనబడాలి, అంతేగా. వచ్చే ఏడాది చూద్దాంలేవయ్యా.”

కాఫీ తెచ్చుకుంటూ ఈ మాటలు విన్నాను. నేనూ ఒక మాట అనాల్సింది. అనలేదు.

అతడొచ్చింది బుధవారం మధ్యాహ్నం. బయట ముసురు. మెడలో ఆఫీసు ఐడీ కార్డు, భుజాన లాప్‌టాప్ బ్యాగు. ఈ చుట్టుపక్కల ఆ వేషంలో ఉన్న కుర్రాడిని ఎవరు అనుమానిస్తారు? దేవరాజు గారే తలుపు తీసి “రండి సార్” అన్నారు. అమ్మకి గొలుసు కావాలన్నాడు. నేను ఒక ట్రే తీశాను. ఇంకోటి చూపించమన్నాడు. రెండోది తీసి తలెత్తేసరికి నా ముక్కుకి జానెడు దూరంలో పిస్తోలు ఉంది.

“అరిస్తే కాలుస్తా. అన్నీ బ్యాగులో పొయ్యి” అన్నాడు మెల్లగా.

అరవడానికి నాకు గొంతేదీ?  ట్రే బోర్లిస్తుంటే గొలుసులు సగం బ్యాగులో, సగం గాజుమీద పడుతున్నాయి. అతడి భుజం పక్కనుంచి హాలు అవతల దేవరాజు గారు కనిపించారు. ఆయన స్టూలు మీద లేరు. నిలబడి ఉన్నారు. తుపాకీ భుజానికెక్కింది.

నేను చూసింది గొట్టాల్ని కాదు, ఆయన వేలిని. పన్నెండు అంగల దూరంలో వేలు ఏం కనబడుతుందని మీరు అడగొచ్చు. ప్రాణం మీదికొస్తే కనబడుతుంది. అది ముందు ట్రిగ్గర్‌ని దాటి వెనక్కి వెళ్ళింది. నొక్కారు.

టక్.

అంతే. పేలలేదు. హాలంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి ఆ చప్పుడు దొంగకీ వినబడింది. గిరుక్కున వెనక్కి తిరిగి పిస్తోలు ఆయనకి గురిపెట్టాడు.

“తుపాకీ కింద పెట్టు! కాలుస్తా!”

దేవరాజు గారి వేలు ముందు ట్రిగ్గర్ మీదికి జరిగింది. కుడి గొట్టం, చాటంతది. అందులో నా మొహం ఉంది. పక్కకి జరుగుదామంటే కాళ్ళు నావి కానట్టు బిగుసుకుపోయాయి. అయిపోయింది నా పని అనుకున్నాను. జశ్వంత్‌కి పొద్దున చెప్పకుండా వచ్చేశానే అనుకున్నాను. దేవరాజు గారు దొంగని చూశారు, నన్ను చూశారు. ఎదురుగా పిస్తోలు తన గుండెకి గురిపెట్టి ఉండగా, ముప్పై ఏళ్ళ అలవాటున్న వేలిని ట్రిగ్గర్ మీదనుంచి తీసేసి, తుపాకీని పసిపిల్లాణ్ణి పడుకోబెట్టినంత నెమ్మదిగా నేలమీద పెట్టేశారు.

దొంగ బ్యాగు పట్టుకుని ఆయన్ని తోసుకుంటూ బయటికి పరిగెత్తాడు. రోడ్డు మీద ఎవడో బైకు ఆన్ చేసి పెట్టుకుని ఉన్నాడట. 

పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, తుపాకీ తీసుకెళ్ళారు. ఎడమ గొట్టంలో తూటా తడికి చెడిపోయిందని, కుడిదాంట్లో తూటా బాగానే ఉందని చెప్పారు. సాయంత్రం ఉదయ్ భాస్కర్ గారు అందర్నీ పిలిచి కెమెరాలో పడిన దృశ్యం పెట్టారు. దేవరాజు గారు వేలు తీసేసేచోట ఆపారు.

“ఒకటి పేలలేదు, సరే. రెండోది ఉంది కదయ్యా! ఎందుకు పేల్చలేదు?”

కొత్త తూటాలు ఇప్పించనిది ఎవరో దేవరాజు గారు అడగొచ్చు. అడగలేదు. నా వైపు కూడా చూడలేదు.

“భయమైంది సార్” అన్నారు.

“సైన్యంలో చేశానంటావు, సిగ్గు లేదూ? ఆ స్టూలు మీద గడ్డిబొమ్మని కూర్చోబెట్టినా సరిపోయేది!” అని, ఉదయ్ భాస్కర్ గారు నా వైపు తిరిగారు. “వాసంతీ, నువ్వు ఎదురుగానే ఉన్నావు. ఏం జరిగిందో చెప్పు.”

నిజం నాలుక చివర ఉంది. ‘నా కోసం ఆగారు సార్. ఏ గొట్టం ముందు పేల్చాలో నేనే చెప్పాను సార్’ అంటే చాలు. అంటే ఏమవుతుందో కూడా కళ్ళకి కట్టింది. తుపాకీ ఎలా పేల్చాలో నువ్వు నేర్పావా, అయితే నువ్వూ ఇంటికి పో అంటారు. ఇంట్లో లాప్‌టాప్ ముందు జశ్వంత్ మొహం గుర్తొచ్చింది. అప్పుడు దేవరాజు గారు తలెత్తి, వద్దన్నట్టు సన్నగా తల ఊపారు.

“కళ్ళు మూసుకున్నాను సార్. ఏమీ చూళ్ళేదు” అన్నాను.

ఆయన్ని అప్పటికప్పుడే పంపేశారు. టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని వెళ్తూ నా కౌంటరు దగ్గర ఆగారు. “ఫికర్ చెయ్యకు బిడ్డా. నీకేం కాలే, గదే చాలు” అన్నారు. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. క్యాబిన్ అద్దంలోంచి మేనేజర్ చూస్తున్నారని తల దించుకుని గొలుసులు సర్దుకున్నాను. ఛీ, ఏం బతుకు నాది!

సోమవారానికి కొత్త గన్‌మ్యాన్ వచ్చాడు. పేరు దినేష్. ముప్పై దాటవు, మీసం మెలేసి ఉంటుంది. తుపాకీ రెండు గొట్టాలదే. ఉదయ్ భాస్కర్ గారు ఈసారి దగ్గరుండి కొత్త తూటాలు తెప్పించారు. మధ్యాహ్నం భోజనాలప్పుడు నా కాళ్ళు వాటంతటవే అతని దగ్గరికి వెళ్ళాయి.

“దినేష్ గారూ, దొంగొస్తే మీరు ముందు ఏ గొట్టం పేలుస్తారండీ?”

అతను నోట్లో అన్నం పెట్టుకునే పకపకా నవ్వాడు.

“ఒక్కోటి ఏంది మేడం? రెండు ట్రిగ్గర్లు ఒక్కసారే గుంజుత. గా ముసలాయన లెక్క మాట పడతనా? సార్ ముందే చెప్పిండు, ఎవరు అడ్డమున్నా ఆగొద్దని.”

నా పక్కన కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. దేవరాజు గారి గురించి నోరు మూసుకుని నేను నిలబెట్టుకున్న చోటు ఇదే. డబ్బా మూత పెట్టి, చేతులు కడుక్కుని, తలుపుకి ఎదురుగా గొలుసుల కౌంటరు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.