అందరికీ ఒకే గొర్రె

తెరమీద గొర్రె గొంతు తెగుతుండగా సగిందిక్ నూనెలో వేయించిన బౌర్సాక్ రొట్టెముక్కను పాలటీలో ముంచుకుని కొరికాడు. వీడియోలో శబ్దం లేదు. తీసేయించింది అతనే. కత్తి పెట్టేముందు, ఎవరి పేరున ఖుర్బానీ ఇస్తున్నాడో కోసేవాడు పైకి చెబుతాడు. ఆ పేరు వినబడకపోతే, తమ కంపెనీ యాప్‌లో గొర్రె కొన్న అల్మాటీ నగర జనమంతటికీ ఒక్క వీడియోనే పంపొచ్చు. ఈ దిక్కుమాలిన తెలివికే ఈ బక్రీద్ పండగపూట అతన్ని ప్రోడక్ట్ విభాగానికి అధిపతిని చేస్తున్నారు.

నలభై దాటాయి. పొట్ట బెల్టు మీదికి జారింది. కనురెప్పలు ఎప్పుడూ ఉబ్బే ఉంటాయి. ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే ఉద్యోగంతో మొదలుపెట్టాడు. అప్పట్లో అవతలివాళ్లు ఏడిస్తే అతనికి ముద్ద దిగేది కాదు. తర్వాత యాప్‌లో తప్పులు పట్టేవాడయ్యాడు, ఆపైన ప్రోడక్ట్ మేనేజరు. టాక్సీ యాప్‌లో రద్దు బొత్తాం దాచి ఒక మెట్టెక్కాడు. తిండి యాప్‌లో అదనపు రుసుము దాచి ఇంకో మెట్టు. ఎవరూ మెడమీద కత్తి పెట్టలేదు. అన్నీ తనే వెతికి మరీ దాచాడు.

మధ్యాహ్నం కిందివాళ్లెవరికీ లొంగని ఫిర్యాదు ఫోనొకటి అతని దాకా వచ్చింది. కుల్యాష్ అనే ముసలావిడ.

"నాయనా, పోయిన మా ఆయన పేరున నేను ఎంచింది నల్లమూతి గొర్రె. మీరు చూపించిందాని మూతి తెల్లగుందేం?"

"వెలుతురు తేడా పెద్దమ్మా."

"వెలుతురుకి నలుపు తెలుపవుద్దా? సరేలే, ఒక్కమాట చెప్పు. మా ఆయన పేరు పలికారా?"

"పలికారు."

"నీ పిల్లలు చల్లగుండాలి నాయనా."

ఫోను పెట్టేశాక సగిందిక్ చేతులు కడుక్కున్నాడు. అయినా రోత పోలేదు.

సాయంత్రం ఆఫీసులోనే విందు. ఉడికించిన గొర్రె తలను డైరెక్టర్ బఖిత్‌కాలి తన చేత్తో తెచ్చి అతని ముందుంచాడు. అక్కడి ఆచారం ప్రకారం పెద్దపీట ఎవరిదో వాళ్లే దాన్ని కోసి పంచాలి.

"కొయ్యి తమ్ముడూ, ఇక నువ్వే పెద్ద!"

"అన్నా, పేర్లన్నీ చదివారు కదా? గొర్రెలన్నీ కోశారు కదా?"

బఖిత్‌కాలి కొవ్వంటిన పెదాలతో నవ్వాడు. "ఒక్క వీడియో చాలన్నది నువ్వేగా! వీడియో ఒకటి చాలితే అన్ని గొర్రెలెందుకయ్యా? పేర్లెందుకు? కాసిని తెల్లమూతివి కోసి, వాటినే తలా కాస్త పంచాం. తిన్నవాడెవడన్నా అడిగాడా?"

చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. ఇన్నేళ్లూ ఎదురుచూసిన కుర్చీ ఇదేనా అనుకున్నాడు సగిందిక్. అందరి ముందే కుల్యాష్‌కి ఫోను చేశాడు.

"పెద్దమ్మా, అబద్ధం చెప్పాను. మీ ఆయన పేరు ఎవరూ పలకలేదు. మీ గొర్రెను కోయనేలేదు."



"పండగ రేపు కూడా ఉందిలే. ఇంకోటి కోయించుకుంటాను," అంది కుల్యాష్. "కానీ నాయనా, మధ్యాహ్నం నీకిచ్చిన దీవెన వెనక్కి తీసుకుంటున్నా."

సగిందిక్ లేచాడు.  తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఆఫీసు గడప తొక్కలేదు.

బల్లమీద గొర్రె తల కోయకుండా అలాగే ఉంది, చుట్టూ కొవ్వు తెల్లగా పేరుకుంటోంది.