గుల్లమాంసమా, మలుగుపామా

ఈల్ అయితే బతికుండాలి, చచ్చిన ఈల్ వంక చారల చేప కన్నెత్తి చూడదు, అదే గుల్లమాంసం అయితే ఎంత మెత్తబడి కంపు కొడితే అంత మంచిది, అని షాపు ముసలాయన స్టాన్లీ మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు, నేనేదో ఇవాళే ఈ గడప తొక్కినట్టు, మూడేళ్ళనుంచి చలికాలం ముందు ప్రతి శనివారం వస్తూనే ఉన్నాను, ఈయనకి ఎర అమ్మడంకంటే ఎర గురించి మాట్లాడటం ఇష్టం, తొట్టిలో ఈల్స్ ఒకదానిమీంచి ఒకటి జారిపోతున్నాయి, మా కాకినాడలో అయితే మలుగుపాము అంటారు, పక్కన ఐసుమీద గుల్లలు నోళ్ళు కొంచెం కొంచెం తెరిచి పడున్నాయి, కౌంటర్ మీద హాలోవీన్ గుమ్మడికాయ, దానికి కళ్ళు కోశారు, పళ్ళు కోశారు, బయట కార్లోంచి బావ హారన్ కొట్టాడు, ఒక్కసారే, కాంపౌండర్‌ని వేలితో పిలిచినట్టు, వస్తున్నా బావా, ఇది తేలే విషయం కాదు, రెండ్రోజులు ఈశాన్యం గాలి కొట్టింది కదా, అలలు అడుగున ఉన్న గుల్లల్ని పీకి, పగలగొట్టి, సముద్రంలోకి పొడుచుకెళ్ళిన రాళ్ళకట్ట చివరికి విసిరేశాయి, చేపలన్నీ అక్కడే మేస్తున్నాయి, ఆ తెల్లటి నురగలో, కాబట్టి గుల్లమాంసం కొంటే కట్ట చివరిదాకా రాళ్ళమీద నడవాలి, ఈల్ కొంటే వెనకవైపు బేలోకి, ఆ చిన్న అఖాతంలోకి పోవాలి, అక్కడ వంతెన కింద నీళ్ళు నిమ్మళంగా ఉంటాయి, ఇసకమీద నిలబడి గాలం వేసుకోవచ్చు, ఏ ఎర కొంటే ఆ చోటికే పోవాలి, అంతే, కట్ట చివర రాళ్ళనిండా పాచి, నాకు మేకుల బూట్లున్నాయి, బావకి లేవు, రబ్బరు సోలు చాల్లేరా అంటాడు, ఛాతీదాకా వచ్చే రబ్బరు ప్యాంటు మాత్రం ఖరీదైంది కొన్నాడు, దానిపైన నడుముకి బెల్టు బిగించుకోమంటే పొట్ట నొక్కుతోందని ఇంట్లోనే వదిలేశాడు, బెల్టు లేకుండా పడితే ఆ ప్యాంటులోకి నీళ్ళు దిగుతాయి, బావిలోకి బిందె దిగినట్టు, బావకి ఈత రాదు.

నేనేమీ అనుకోవడం లేదు, ఉన్నమాటే, ఈత రానివాళ్ళు చాలామంది ఉన్నారు, డాక్టర్ దామోదర్ గారికి వచ్చినవి వేరే ఉన్నాయి, నలుగురిలో మనిషిని నిలబెట్టి తోలు తీయడం వచ్చు, మొన్న దీపావళికి హాలునిండా జనం, ఇదిగో మా బావమరిది, ఏడో క్లాసు ఫెయిల్, ఈ న్యూజెర్సీ ఫిషరీస్ డిపార్ట్‌మెంట్ అంతా వీడే నడుపుతున్నాడు అన్నాడు, శ్యామ్‌సుందర్ అని ఓ ఇంజనీరు, అయితే మాకో అపాయింట్‌మెంట్ ఇప్పించండి సార్ అని నాకు దణ్ణం పెట్టాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ప్లేటు పట్టుకుని నిలబడ్డవాడు నవ్వక ఏం చేస్తాడు, ఫెయిల్ కాలేదు నేను, మానేశాను, నాన్న పోయాక సైకిలు షాపులో పంక్చర్లు వేశాను, అక్క కాలేజీకి వెళ్ళింది, ఆ కాలేజీ చదువు చూసే కదా ఈ డాక్టరు చేసుకున్నాడు, ఇక్కడికొచ్చి హాస్పిటల్ దుప్పట్లు ఉతుకుతున్నాను, ఆయన బేస్‌మెంట్లో పడుకుంటున్నాను, ఆయన కారు తోముతున్నాను, ఒక్క ఈ ఎర దగ్గరే నన్ను అడుగుతాడు, ఏం కొందాంరా, ఎక్కడికి పోదాంరా, నేను చెయ్యి చూపిస్తే ఆ రాళ్ళమీద నా వెనకాలే నడుచుకుంటూ వస్తాడు, చీ, ఏమిటీ ఆలోచన, పోయిన ఆదివారం ఇక్కడ చలికాలానికని గడియారాలు గంట వెనక్కి తిప్పారు, ఐదింటికల్లా చీకటి పడుతుంది, కట్టమీద ఇంకెవరూ ఉండరు.

అయినా నేనెందుకు ఇంత కొట్టుకోవాలి, అక్క చెప్పనే చెప్పింది, అన్నం తిని బయల్దేరుతుంటే గుమ్మందాకా వచ్చి, కిట్టూ, ఇవాళ నాగుల చవితిరా, పాములాంటిదాన్ని కొక్కేనికి గుచ్చకండి, ఈల్ వద్దు, గుల్లలే కొను, అంది, బావ బూటు లేసు కట్టుకుంటూ, ఏమే సుమతీ, పుట్ట ఎక్కడ దొరికిందే నీకు, పక్కింటివాడి లాన్‌లో పోస్తావా పాలు, పోలీసుల్ని పిలుస్తాడు జాగ్రత్త, అన్నాడు, బాగానే అన్నాడు, నాకూ నవ్వొచ్చింది, అక్క మాత్రం నవ్వలేదు, నావైపే చూస్తూ, గుల్లలే కొను, అని మళ్ళీ అంది, సరే, నాదేముంది, ఆవిడ చవితి, ఆవిడ మొగుడు, గుల్లలే కట్టించేస్తాను, చవితినాడు అమ్మ కూడా అంతే, కత్తిపీట ముట్టుకునేది కాదు, పొయ్యి వెలిగించేది కాదు, ఆ రోజంతా చలిమిడీ చిమ్మిలీనే మాకు, చాకు పట్టుకుంటే చేతిమీద ఒక్కటిచ్చేది, మరి ఇవాళ పొద్దున అక్క ఉల్లిపాయలు తరిగింది, టకటకా తరిగి ఆమ్లెట్లు వేసింది, బావకి ఒకటి, నాకు ఒకటి, తనూ నిలబడే ఒకటి తింది, చవితినాడు గుడ్డు తింది మా అక్క.

నేనొచ్చాక ఒక్క చవితీ చెయ్యలేదు, ఏ నెలలో వస్తుందో కూడా ఎవరూ అనుకోలేదు, ఇవాళ ఎందుకు గుర్తొచ్చింది, ఉండు, గురువారం గాలి కిటికీలు ఊపేస్తుంటే వంటింట్లో బీన్స్ గిల్లుతూ తనే అడిగింది, ఈ గాలి తగ్గాక చేపలు ఎక్కడ పడతాయిరా అని, ఎన్నడూ లేంది అక్క నా చేపల సంగతి అడిగిందని నేను ఉబ్బిపోయి అంతా చెప్పాను, గుల్లలైతే ఇక్కడికి, ఈల్ అయితే అక్కడికి, రాళ్ళు, పాచి, అలలు, మీ బావ కూడా ఆ చివరిదాకా వస్తారా అంది, వస్తాడు అన్నాను, మేకుల బూట్లు లేవుగా, జారవూ, అంది, జారితే, అంది, అక్కడ ఆగింది, నేను పెళ్ళాం కంగారు అనుకున్నాను, బీన్స్ వైపు చూస్తూనే అడిగింది, మెడకి స్కార్ఫు, ఇంట్లో హీటర్ మండిపోతున్నా స్కార్ఫు తీయదు, థైరాయిడ్ అంది ఒకసారి, జలుబు అంది ఒకసారి, నా మంచం నెత్తిమీదే వాళ్ళ వంటిల్లు, రాత్రిళ్ళు కుర్చీ ఈడ్చిన చప్పుడు, ఏదో గోడకి తగిలిన చప్పుడు, తర్వాత కుళాయి చాలాసేపు పారేది, ఈ వేళప్పుడు గిన్నెలేమిటో అనుకుని టీవీ సౌండు పెంచుకునేవాణ్ణి, అమెరికా వచ్చాక అక్కకి గొప్పతనం పెరిగింది, నాతో మాట్లాడదు, అని నాలో నేనే సణుక్కునేవాణ్ణి, ఏం మాట్లాడుతుంది, ఎలా మొదలుపెడుతుంది నాతో.

షాపు తలుపు గంట మోగింది, బావే లోపలికి వచ్చాడు, ఏరా, ఎర కొంటున్నావా, పెళ్ళిచూపులు చూస్తున్నావా, మీ అక్క గుల్లలంది కదా, తీసుకో మరి, ఆవిడకి ఈమధ్య దేవుడి పిచ్చి పట్టింది, కాదంటే అలుగుతుంది, అని నా భుజంమీద చెయ్యి వేశాడు, వెచ్చగా ఉంది చెయ్యి, బరువుగా ఉంది, తీయాలనిపించింది, తీయలేదు, ఇప్పుడు గుల్లలే అంటే చాలు, ఇంకేమీ చెయ్యక్కర్లేదు, నెట్టక్కర్లేదు, ముందు నేను నడిస్తే చాలు, స్టాన్లీ చేతిలో సంచి తెరిచి, చెప్పవయ్యా, ఏది కట్టమంటావు అన్నాడు, నాకున్నది నలుగురిలో మాటపడ్డ కోపం, అది ఇవాళ మండి రేపు ఆరుతుంది, అక్కది అలాంటిది కాదు, తను గుమ్మంలో నిలబడి నా కళ్ళలోకి చూసి అడిగింది, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని అడిగింది, మూడేళ్ళుగా పైన ఏడ్చి కింద నేనున్నానని తెలిసి కూడా పిలవనిది, మొదటిసారి నోరు తెరిచి అడిగింది ఇది, ఈల్స్, అన్నాను, ఏమిట్రా, మీ అక్క వద్దంది కదరా అంటున్నాడు బావ, ఈల్సే బావా, వంతెన కిందకి పోదాం, స్టాన్లీ వల తొట్టిలో ముంచాడు, నేను ఆ నీళ్ళవైపే చూస్తున్నాను, ఇవాళ ఈయన్ని ఇసకమీద నిలబెట్టి, ఇంటికి తెచ్చి, ఈయన స్నానానికి వెళ్ళగానే వంటింట్లోకి వెళ్ళి చెప్పాలి, అక్కా, నువ్వు అడిగింది నాకు అర్థమైంది, అది నావల్ల కాదు, పెట్టె సర్దుకో, పోదాం పద.