ఎండకు అడ్డం

జనవరిలో ఢిల్లీ ఎండ కాస్తే కాస్తుంది, లేకపోతే లేదు. కాసిన ఆ కాస్తనూ కొలవడం భానుమతి ఉద్యోగం. సరోజినీ నగర్ దగ్గరి వాతావరణ కేంద్రం డాబా మీద, బోర్లించిన గాజు గిన్నెలా పైరనోమీటరు ఉంటుంది. దాని మీద పడిన ఎండను కింద గదిలో పెన్ను చార్టు మీద గీస్తుంది. ఆ గీతలు చదివి ఆమె లెక్క కట్టాలి.

తొంభై ఆరులో ఆ నెల, మధ్యాహ్నం మూడయ్యేసరికి గీత రోజూ ఢామ్మని పడిపోయి, కాసేపటికి మళ్లీ లేస్తోంది. మబ్బేమో అనుకుంది. మబ్బు రోజూ ఒకే వేళకు రాదు కదా! డాబా ఎక్కి చూస్తే, పక్క క్వార్టర్ల కప్పు మీద ఎవరో నిలువెత్తు టార్పాలిన్ కట్టారు. దాని నీడ గాజు మీద పడుతోంది.

"ఎస్టేట్ ఆఫీసుకు రాసేయండి. రేపే పీకించేస్తారు," అన్నాడు పై అధికారి భీమశంకరం.

"ముందు నేను వెళ్లి అడుగుతాను సార్."

క్వార్టర్ల మెట్లెక్కి కప్పు మీదికి వెళ్లిన భానుమతి గుమ్మంలోనే ఆగిపోయింది. మంచం మీద ఒకావిడ పడుకుని ఉంది. ఆమె కాలికి నూనె రాస్తున్నాయన, "ఆ చెయ్యి కూడా ఎండలో పెట్టు అన్నపూర్ణా," అంటున్నాడు. తెలుగు చెవిన పడేసరికి, హిందీలో కూర్చుకొచ్చిన మాటలన్నీ మరిచిపోయిందామె.

ఆయన సదాశివరావు. తంతి ఆఫీసులో రాత్రి డ్యూటీ. దీపావళికి ముందు భార్య అన్నపూర్ణేశ్వరికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది.

"ఈ ఉత్తరపు గాలి ఎముకలు కొరికేస్తోందండీ. అందుకే ఆ పరదా. మీకేమైనా అడ్డమా?"

చెప్పింది. ఆయన మొహం వాడిపోయింది. "అచ్ఛా... తీసేస్తాను లెండి. సర్కారు పని కదా."

అన్నపూర్ణేశ్వరి ఏదో అనబోయింది. నాలుక తిరగలేదు. భర్త వంగి విన్నాడు. "కింద గదిలోనే ఉంటాలే అంటోంది."

భానుమతి మంచాన్నీ, పరదానూ మార్చి మార్చి చూసింది. "ఆవిడ పడుకునే ఉంటారుగా! గాలికి నడుమెత్తు చాలదూ? సగానికి మడిచి కట్టండి. నీడ మా దాకా రాదు."

ఇద్దరూ కలిసి కట్టారు. టార్పాలిన్ గాలికి ఎగిరి సదాశివరావు మొహాన్ని చుట్టేసింది. అన్నపూర్ణేశ్వరి ఒక పక్క పెదవితో నవ్వింది.

మర్నాడు గీత సాయంత్రం దాకా నున్నగా సాగింది. నీడ పడిన మధ్యాహ్నాలను లెక్కలోంచి తీసేశానంటే భీమశంకరం విసుక్కున్నాడు. "అందాజాగా నింపేయకపోయారా?"

"కొలవనిది ఎలా రాయను సార్?" అంది. ఆయన గొణుక్కుంటూ సంతకం పెట్టాడు.

హోలీ నాటికి అన్నపూర్ణేశ్వరి పిట్టగోడ పట్టుకుని నిలబడగలిగింది. కుడి కాలు ఇంకా ఈడుస్తూనే ఉంది. భానుమతి డాబా మీద కనిపిస్తే ఎడమ చెయ్యి ఊపి పిలిచేది. ఈమె పని ముగించుకుని టీకి అక్కడికే వెళ్లేది.