చెరపని టేపు

కొనకనమిట్ల బస్సులో ఎవరి ఫోన్‌లోనో తన బిడ్డ గొంతు విని, నాగవేణి బస్సు దిగి నేరుగా మార్కాపురంలోని మా ఇంటికి వచ్చింది. ఆ బిడ్డ పోయి ఇరవై ఆరేళ్లు.

"చెరిపేసినా అంటివే, ఆదెన్నా," అంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

చెరిపేశాననే చెప్పాను. అప్పట్లో నాకు చిన్న రికార్డింగ్ స్టూడియో ఉండేది. నాగవేణి గొర్రెలు కాసే ఇంటి కోడలు. మందలో నుంచి తప్పిపోయిన గొర్రె మీద ఒక పాట పాడేది. వదిలిపెట్టి రావడానికి ఎవరూ లేక, ఎనిమిది నెలల పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకునే మైకు ముందు కూర్చుంది. పాట సగంలో వాడు నవ్వాడు. ఆమె ఆగబోయింది. ఇంకో పావుగంటలో కరెంటు పోతుంది. ఆపవద్దని అద్దానికి ఇవతల నుంచి చెయ్యి ఊపాను.

ఆ నవ్వు వల్లే క్యాసెట్టు బాగా అమ్ముడుపోయింది. నెల తిరక్కుండా పిల్లాడు జ్వరంతో చనిపోయాడు. టీ కొట్ల దగ్గర వాడి గొంతు వినలేనని, ఆ పాట ఎక్కడా లేకుండా చెయ్యమని ఆమె వచ్చి అడిగింది.

చాలా వరకు చేశాను. దొనకొండ, వెలిగండ్ల, గిద్దలూరు బస్సులెక్కి దుకాణం దుకాణం తిరిగాను. కొన్నవాళ్లెవరో దుకాణాల వాళ్లకు గుర్తే. వాళ్ల ఇళ్లకూ పోయాను. ఒకాయన పాట వింటూ ఉన్నవాడు మధ్యలోనే ఆపి, క్యాసెట్టు తీసి చేతికిచ్చాడు. అన్నీ ఆమె కళ్లముందే కాల్చాను. వాటన్నిటికీ మూలమైన మాస్టర్ టేపు మాత్రం దాచాను. నేను రికార్డు చేసినవాటిలో మంచిది అదొక్కటే.

క్యాసెట్ల కాలం పోయింది, సీడీల కాలమూ పోయింది, స్టూడియో మూసేశాను. రెండేళ్ల కిందట గోవర్ధన్ అనే ఏజెంటు వచ్చి, పాత టేపులన్నీ డిజిటల్ చేసి అన్ని యాప్‌లలో పెడతానన్నాడు. పెట్టె మొత్తం ఇచ్చేశాను. అందులో ఆ టేపు ఉందని మరిచిపోయానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. మరిచిపోలేదు. ఎవరైనా వినాలని ఉండింది.

విన్నారు. నవ్వు వరకే కోసి రీల్స్‌కు పెట్టుకున్నారు.

"పెట్టు," అంది నాగవేణి.

"వద్దమ్మా."

"బస్సంతా విన్నారు. నేను వింటే ఏం పోతది?"

పెట్టాను. తన పడుచు గొంతు వినిపిస్తుంటే ఎవరిదో విన్నట్టు నిలబడింది. పిల్లాడి గొంతు రాగానే ఆమె చెయ్యి రవిక దాకా పోయి ఆగింది.

"నవ్వంటాండారా దీన్ని?" అంది. "ఆకలైతే అట్ల అనేటోడన్నా. పొద్దున్నుంచి పాలియ్యలా. నువ్వు చెయ్యి ఊపినావు. నేను పాడినా."

"అప్పుడే చెప్పలేదేందమ్మా?"

"నువ్వు నవ్వంటివి. నవ్వే అనుకుందామని చూసినా. కాలా."

గోవర్ధన్‌కు ఫోన్ చేసి, ఆమెకూ వినబడేలా స్పీకర్ పెట్టాను.

"ఆడుతున్న పాటను తీసెయ్యమనేది నువ్వొక్కడివే అన్నా," అని నవ్వాడు. "సరే, మన దాంట్లో రెండ్రోజుల్లో తీసేస్తా. జనం కోసి పెట్టుకున్నవి నా చేతిలో లేవు. కనపడినప్పుడల్లా ఒక్కొక్కదాని మీదా నువ్వే ఫిర్యాదు పెట్టాల."

నాగవేణి కొంగు సర్దుకుంది. "అప్పుడు బస్సెక్కి తిరిగినావు. ఇప్పుడు ఏ బస్సెక్కుతావు?"

జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి వెతుకుతూనే ఉన్నాను. ఫిర్యాదు పెట్టాలంటే ముందు వినాలి, ఇది అదేనని నేను తేల్చుకోవాలి. కొందరు వేగం పెంచారు, కొందరు మీద డప్పు కలిపారు. ఆ చప్పుడు కింద వాడు ఉన్నాడో లేడో చెవి ఒగ్గి పట్టుకోవాలి. ఇప్పుడు నాకు నవ్వు వినపడదు.

ఇవాళ పదకొండు విన్నాను. పన్నెండోది ఎవరో తల్లి తన పాపకు పెరుగన్నం పెడుతూ తీసుకున్న వీడియో. పాప నోరు తెరిచినప్పుడల్లా ఆ గొంతే. గిన్నె ఖాళీ అయ్యేదాకా చూశాను. తర్వాత ఫిర్యాదు నొక్కాను.